అలసిన కాళ్ళు, అందని చూపు – మనిషి నిలకడ



"కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేము" అని పెద్దలు చెబుతారు. నోటి సంగతి అలా ఉంచితే, అరవై దాటిన వారికి జారిన కాలును తీసుకోవడం కూడా అంత సులువు కాదని ఒక రిజిస్టరు నాకు నేర్పింది. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

గత చలికాలంలో మహానంది దగ్గరి ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాను. పాలసేకరణ పుస్తకం తిరగేస్తుండగా ఒక సభ్యురాలి నంబరు ఎదుట ఒక తేదీ సాయంత్రం నుంచి గళ్ళన్నీ ఖాళీగా కనిపించాయి. అంతకుముందు ఏడాదంతా ఒక్క పూట కూడా మానని మనిషి. బయటి వ్యాపారికి పోస్తున్నదేమో అనుకున్నాను. మా ఉద్యోగంలో ముందు వచ్చే అనుమానం అదే. అడిగితే కార్యదర్శి, "కాదు సార్, ఆమె ఇక్కడే పడిపోయింది, తుంటి ఎముక విరిగింది" అన్నాడు.

ఎలా పడిందంటే తలా ఒక మాట చెప్పారు. నేల జారుడని ఒకరు, వయసు మీద పడిందని ఒకరు, కళ్ళు తిరిగి ఉంటాయని మరొకరు. పని ముగిశాక ఆమె ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఉంది. ఆమె మాటే నాకు ఆలోచన పుట్టించింది. "నేను జారలేదు సారూ. కండ్లు గూడా తిరగలేదు. వరసలో నిలబడింటి. కరెంటు పోయింది. నిలబడిన దాన్ని నిలబడినట్టే పక్కకు ఒరిగిపోతి" అన్నది.

ఆ రోజు ఆమె ఏమేమి చేసిందో అడిగి తెలుసుకున్నాను. తెల్లవారుజామున పాలు పితికి పోసి వచ్చింది. పొద్దెక్కాక అరటి తోటల గట్ల మీద గడ్డి కోసింది. రెండు మోపులు నెత్తిన ఇంటికి చేర్చింది. కొట్టంలో పేడ ఎత్తింది. సాయంత్రం మళ్ళీ గొంతుక్కూర్చుని రెండు ఎనుములు పితికింది. క్యాను చేతబట్టుకొని కేంద్రానికి నడిచి వచ్చి వరసలో నిలబడింది. అంతలో దీపం ఆరింది.

నేను వైద్యుణ్ణి కాను. సహకార డిప్లొమా చదివి, సంఘాల లెక్కలు చూస్తూ తల నెరిసిన వాణ్ణి. అయితే తెలిసిన వైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న మీదట ఆమె చెప్పినది అక్షరాలా నిజమని నాకు అర్థమైంది. నేల తప్పు కాదు, ఆమె అజాగ్రత్తా కాదు. అలసిన కాళ్ళకు చీకటి తోడైంది.

నిలబడడం కూడా పనే

కదలకుండా నిలబడడమంటే ఊరికే ఉండడమని మనం అనుకుంటాము. నిజానికి నిలబడిన మనిషి ఎప్పుడూ కొద్ది కొద్దిగా ఊగుతూనే ఉంటాడు. మన బరువు భూమి మీదికి దిగే గీత చీలమండ కీలుకు కాస్త ముందుగా పడుతుంది. అందువలన శరీరం ఎప్పుడూ ముందుకు వాలబోతూ ఉంటుంది. పిక్కల కండరాలు వెనుక నుంచి లాగి దానిని నిలబెడతాయి. వాలడం, లాగడం, మళ్ళీ వాలడం – ఈ ఊగు మామూలుగా ఒకటి రెండు సెంటీమీటర్ల లోపే కనుక మనకు తెలియదు. నిలువు కొయ్యను అరచేతి మీద నిలబెట్టే పిల్లవాడు చేతిని క్షణం ఆపకుండా కదిలిస్తుంటాడు గదా, పిక్కలు చేసే పని కూడా అటువంటిదే.

మరి ఎటు వాలుతున్నామో పిక్కలకు ఎవరు చెబుతారు? ఆ కబురు మూడు చోట్ల నుంచి మెదడుకు చేరుతుంది.

మొదటిది కన్ను. గోడ, స్తంభం, తలుపు వంటి కదలని వస్తువులను చూసి మనం ఎటు ఒరుగుతున్నామో చెబుతుంది.

రెండవది లోపలి చెవి. అక్కడ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, వాటి పక్కనే సన్నని సున్నపు రేణువులు గల సంచులు ఉన్నాయి. తల తిరిగినా వంగినా ఇవి గుర్తిస్తాయి. ఈ అవయవం పనితీరు మీద పరిశోధన చేసిన ఆస్ట్రియా వైద్యుడు రాబర్ట్ బారనీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

మూడవది అరికాళ్ళు, కీళ్ళు, కండరాలు. బరువు మడమ మీద ఉన్నదా వేళ్ళ మీద ఉన్నదా అరికాలి చర్మానికి తెలుస్తుంది. కండరం ఎంత సాగింది, కీలు ఎంత వంగింది అనే లెక్క కండరాలలోని నరాలు పంపుతాయి.

మన సంఘంలో సేకరణ పుస్తకం, పంపిన పాల లెక్క, నగదు పుస్తకం మూడూ సరిచూస్తాము. ఒకదానిలో తప్పు దొర్లితే మిగిలిన రెండూ పట్టిస్తాయి. మెదడు కూడా ఇదే విధంగా మూడు కబుర్లనూ సరిచూసి పిక్కలకు ఆజ్ఞ పంపుతుంది. ఒక కబురు తప్పినా మిగిలిన రెండింటితో నెట్టుకు రాగలదు. ఒకేసారి రెండు తప్పితేనే చిక్కు.

ఇది కొత్తగా కనుగొన్న సంగతి కాదు. 1840ల్లోనే బెర్లిన్ నగరపు వైద్యుడు మోరిట్జ్ హైన్రిష్ రోంబెర్గ్ వెన్నుపాము జబ్బు గల రోగులను గమనించాడు. వారి కాళ్ళ నుంచి మెదడుకు కబురు సరిగా అందదు. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు నిలబడగలిగేవారు, కళ్ళు మూయగానే తూలిపోయేవారు. కాళ్ళ లోటును అంతవరకు కన్ను పూడ్చిందన్నమాట. నేటికీ వైద్యులు రోగిని పాదాలు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమంటారు. అది ఆయన పేరు మీద నిలిచిపోయిన పరీక్షే.

కండరం అలిస్తే ఏమవుతుంది?

అలుపు అంటే బలం తగ్గడం ఒక్కటే కాదు. మూడు మార్పులు కలుగుతాయి.

ఒకటి, కండరం లాగే శక్తి తగ్గి, సవరింపు మొరటుగా సాగుతుంది. కొద్దిగా లాగవలసిన చోట ఆలస్యంగా, ఎక్కువగా లాగుతుంది. ఊగు పెరుగుతుంది.

రెండు, అలసిన కండరం తప్పుడు కబురు పంపుతుంది. కీలు ఎంత వంగి ఉన్నదో సరిగా తెలియదు. కొండ దిగి వచ్చిన వారికి చదును నేల మీద కూడా అడుగు తడబడడం మనందరమూ ఎరిగినదే. నల్లమలకు కట్టెలకు పోయి వచ్చిన మన పాతకాలపు వారికి ఇది బాగా తెలుసు.

మూడు, బాగా అలసినప్పుడు ఆయాసం వస్తుంది. ఎగశ్వాసకు ఛాతీ, పొట్ట కదలడంతో దేహం మొత్తం మరికాస్త ఊగుతుంది.

పిక్కలను బాగా అలయించి మనుషులను నిలబెట్టి శాస్త్రజ్ఞులు అనేక పరీక్షలు చేశారు. కళ్ళు మూసుకున్నప్పుడు అలుపు వలన ఊగు బాగా పెరిగింది. కళ్ళు తెరిచి ఎదుటి వస్తువును చూస్తున్నప్పుడు ఆ పెరుగుదల చాలావరకు తగ్గింది. కాళ్ళ కబురు చెడినప్పుడు మెదడు కంటి మీద ఎక్కువ భారం వేస్తుందని దీని అర్థం. కాసేపు కూర్చుంటే, సామాన్యంగా పది ఇరవై నిమిషాలలో, చాలావరకు నిలకడ తిరిగి వస్తుంది.

ఇప్పుడు ఆ సభ్యురాలి సంగతి చూడండి. రోజంతటి పనికి ఆమె పిక్కలు అలసి ఉన్నాయి. వరసలో నిలబడినంతసేపు ఆమెను నిలబెట్టినది ఎదుటి గోడ, దాని మీది దీపం వెలుగు. కరెంటు పోవడంతో ఆ ఆధారం ఒక్క క్షణంలో పోయింది. ఒక చేతిలోని క్యాను అటువైపు లాగింది. సగం నిండిన క్యానులో పాలు తొణికి బరువు అటూ ఇటూ కదులుతుంది కూడా. సర్దుకొనే వ్యవధి ఆమెకు దొరకలేదు.

కన్ను మోసపోవడమూ ఉంది

కన్ను ఇచ్చే సాయం గొప్పదే కాని, దానిని పూర్తిగా నమ్మడానికీ లేదు. నంద్యాల స్టేషన్లో ఆగి ఉన్న రైలులో మీరు కూర్చున్నప్పుడు పక్క రైలు కదిలితే మన రైలే కదిలినట్లు ఉలిక్కిపడతాము. కదిలే దానిని కన్ను నిలకడగా ఎంచడమే కారణం. సందులో పక్కనుంచి ఎనుముల మంద పోతున్నప్పుడు, లారీ దాటుతున్నప్పుడు ముసలివారు తూలడం ఇందువలననే. అటువంటప్పుడు కదలని దానిని, అదీ దగ్గరలో ఉన్నదానిని చూడాలి. దూరపు కొండ కంటే రెండడుగుల దూరంలోని స్తంభమే నిలకడకు ఎక్కువ సాయం.

మహానందీశ్వరుని కోనేరు మనందరికీ తెలుసు. ఊట నీరు, సుమారు అయిదడుగుల లోతు. అడుగున గుండుసూది పడినా కనిపించేంత తేట. అంత తేట నీటిలో మెట్టు స్పష్టంగా కనిపిస్తున్నా యాత్రికులు కొందరు తడబడతారు. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది. అందుచేత పై నుంచి చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులుగానే కనిపిస్తుంది. మెట్టు ఉన్నచోటి కంటే పైన ఉన్నట్లు తోస్తుంది. అక్కడనుకొని వేసిన పాదం ఇంకా కిందికి పోతుంది. శివరాత్రికి దూరం నుంచి నడిచి వచ్చిన వారి కాళ్ళు ముందే అలసి ఉంటాయి, ఆపైన కన్ను మోసం. కోనేట్లో దిగేటప్పుడు కంటిని కాక పాదాన్ని నమ్మాలి. ముందు పాదంతో మెట్టు తడిమి, తరువాత బరువు మోపాలి.

పాలు పితికి లేచే క్షణం

మన వృత్తిలో అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం ఇది. గొంతుక్కూర్చుని పది పదిహేను నిమిషాలు పితికితే కాళ్ళకు తిమ్మిరెక్కుతుంది. అరికాలి కబురు ఆగిపోతుంది. పిక్కలు, తొడలు అలసి ఉంటాయి. చటాలున లేచినప్పుడు రక్తం కాళ్ళలోకి దిగి, తలకు చేరవలసినది కొద్దిసేపు తగ్గుతుంది. రక్తపోటుకు మాత్రలు వాడేవారిలో ఇది ఎక్కువ. తెల్లవారుజామున కొట్టంలో వెలుతురు ఉండదు కనుక కంటి కబురు కూడా లేదు. ఇక మిగిలింది చెవి ఒక్కటే. తల ఎటు వంగిందో చెవి చెప్పగలదు గాని, పాదం పేడ మీద ఉన్నదో బండ మీద ఉన్నదో చెప్పలేదు. మూడు పుస్తకాల్లో రెండు పోయాక ఒక్కదానితో లెక్క తేల్చమన్నట్లుంటుంది. దీనికితోడు పక్కన ఎనుము కాలు కదిపితే చెప్పనక్కరలేదు.

చూపు తగ్గడానికి కారణాలు

వెలుతురు నుంచి చీకటిలోకి వచ్చిన కంటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు కావాలి. ఎదురుగా మోటారు సైకిలు దీపం పడితే ఆ అలవాటు చెడిపోతుంది. వయసు మళ్ళిన వారికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

కంటిలో శుక్లం పెరిగితే మెట్టు అంచు మసకబారుతుంది. దీనికి ఆపరేషన్ ఉంది. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976లోనే మొదలైంది. అయినా "పూర్తిగా ముదరనీ" అని కూర్చునే వారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఇప్పటి పద్ధతిలో ముదిరే దాకా ఆగవలసిన పని లేదు.

దగ్గరికీ దూరానికీ ఒకే అద్దంలో చూపు పెట్టిన కళ్ళజోడుతో కిందికి చూస్తే నేల మసకగా కనిపిస్తుంది. మెట్లు దిగేటప్పుడు తల వంచి పై అద్దంలోంచి చూడాలి.

ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది. ఆకుకూరలు, బొప్పాయి, మామిడి, పాలు దీనికి మందు. ఉన్న పాలన్నీ కేంద్రానికి పోసి, ఇంట్లో పిల్లలకూ ముసలివారికీ నల్లటి టీ మిగిల్చే ఇళ్ళు నేను చూశాను. ఇది సంఘం కోరుకునేది కాదు.

మధుమేహం ముదిరితే అరికాళ్ళు మొద్దుబారతాయి. అటువంటి వారు పగలు కంటి సాయంతో బాగానే తిరుగుతారు, చీకటి పడితే తూలుతారు. రోంబెర్గ్ రోగుల సంగతి గుర్తు తెచ్చుకోండి.

మీరే చూసుకోండి

గోడ పక్కన, ఒకరు తోడుగా ఉండగా, పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు తెరిచి అర నిమిషం నిలబడండి. తరువాత కళ్ళు మూసుకొని అర నిమిషం నిలబడండి. ఊగు తేడా మీకే తెలుస్తుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం పని ముగిశాక ఒకసారి చేసి పోల్చుకోండి. ముసలివారు, తల తిరిగే జబ్బు గలవారు ఒంటరిగా దీనిని చేయరాదు. కళ్ళు మూయగానే పడబోయే వారు ఆలస్యం చేయక వైద్యుని చూడాలి. ఏడాదిలో రెండుసార్లు పడినవారు, పక్క మీద ఒత్తిగిలితే తల తిరిగేవారు కూడా వెళ్ళాలి. హఠాత్తుగా ఒక పక్క కాలు చేయి స్వాధీనం తప్పినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆగక 108కు ఫోను చేయాలి.

సభ్యులు పాటించవలసినవి

1. పాలు పితకడానికి చిన్న పీట వాడండి. లేచే ముందు పాదాలు ఆడించి, గుంజను పట్టుకొని, రెండు క్షణాలు ఆగి లేవండి.

2. పితకడం కాగానే క్యానెత్తుకొని పరుగెత్తకండి. అయిదు నిమిషాలైనా కూర్చోండి. పాలు త్వరగా చేరాలి నిజమే. ఇంట్లో మరొకరుంటే వారి చేత పంపండి.

3. ఒకే చేతికి పెద్ద క్యాను వద్దు. రెండు చేతులకు రెండు చిన్నవి మేలు. మూత బిగించండి.

4. చీకటి వేళ టార్చి దగ్గరుంచుకోండి. వెలుగు పాదాల ముందు పడాలి, ఎదుటివారి ముఖాన కాదు.

5. వరసలో నిలబడేటప్పుడు పాదాలు కొంచెం ఎడంగా పెట్టండి. దీపం ఆరితే కదలకండి. క్యాను కింద పెట్టి గోడనో పక్కవారి భుజాన్నో పట్టుకోండి. ఇందులో సిగ్గేమీ లేదు.

సంఘాలు చేయవలసినవి

మన ప్రాంతపు కేంద్రాలలో చాలావాటికి బేతంచెర్ల నాపరాళ్ళే పరిచారు. పాలిష్ చేసిన బండ మీద పాలు ఒలికితే వెన్న పొర పడుతుంది. ఉత్త నీళ్ళు చల్లితే అది పోదు, ఇంకా జారుతుంది. వేడినీళ్ళలో వాషింగ్ సోడా కలిపి రుద్ది కడిగి ఆరనివ్వాలి. మెట్ల అంచులకు గాట్లు పెట్టించి, తెల్ల రంగు వేయించాలి. వరస నిలిచే చోట నడుమెత్తున ఒక ఇనుప గొట్టం, ఒక బల్ల, కరెంటు పోయినా వెలిగే ఒక దీపం ఏర్పాటు చేయాలి. అరవై దాటిన వారి పాలు ముందు కొలవాలి. ఇవన్నీ పాలకవర్గం ఒక తీర్మానంతో చేయగల పనులు. తీర్మానం, ఓచరు సరిగా ఉంటే ఏ తనిఖీ అధికారీ ఈ ఖర్చును తప్పుపట్టడు. నేనైతే మెచ్చుకుంటాను.

ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారని, వారిలో 80 శాతానికి పైగా పేద, మధ్యాదాయ దేశాల వారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెలిపింది. ఇంత పెద్ద లెక్క మనకెందుకంటారా? ఒక్క మనిషి పడితే ఆ ఇంటి పాడి ఏమవుతుందో చూడండి. ఆ సభ్యురాలికి ఆపరేషన్ అయింది. చేయి మారడంతో ఒక ఎనుము పాలు తగ్గించింది, రెండోదాన్ని అమ్ముకున్నారు. మన సంఘాల ఉపనియమాలు చాలావాటిలో ఓటుకూ బోనసుకూ ఇన్ని రోజులు పాలు పోయాలనే లెక్క ఉంటుంది. ఆమె గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పాలు పోయడానికి వచ్చి, కేంద్రంలోనే పడిన మనిషి ఆ లెక్కలో వెనుకబడడం న్యాయమా అని పాలకవర్గాన్ని అడిగాను. ఉపనియమాలలో వీలున్నంత మేరకు సర్వసభ్య సమావేశంలో ఆలోచిస్తామన్నారు. మీ సంఘాలలో కూడా ఇటువంటి వారు ఉంటే, ఖాళీ గడి వెనుక కారణం ఏమిటో ఒకసారి విచారించండి.

మొన్న మళ్ళీ ఆ సంఘానికి వెళ్ళినప్పుడు వరస పక్కన ఒక సిమెంటు బల్ల వేసి ఉంది. ఆమె చేతికర్రతో వచ్చి దాని మీద కూర్చుంది. మనవడు క్యాను పట్టుకొని వరసలో నిలబడ్డాడు. పుస్తకంలో ఆమె నంబరు ఎదుట లీటరున్నర రాశారు.

మీ సంఘం రాబోయే పాలకవర్గ సమావేశం అజెండాలో దీపం, బల్ల, జారని నేల – ఈ మూడింటినీ చేర్చవలసిందిగా కోరుతున్నాను.